కాపు రాని తోటకు పన్ను మాఫీ

(కరీంనగరములో నొక పఠనమందిరమున జరిగిన సభలో చేసిన ఉపన్యాసము)



నేటి మా ప్రసంగమునకు విషయములు రెండు: మందులు, పన్నులు. ఒకటి రోగికి చేదు, రెండవది ఆరోగ్యవంతునికి చేదు. అయినను ఈ రెండును కలిసిన చోట కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతముల బీదజనుల బ్రతుకునకు సంబంధించిన యొక ప్రశ్న కలదు. క్రొత్త మందులను కనిపెట్టుటకు యత్నించు చిన్న జీవసాంకేతిక సంస్థలకు ప్రభుత్వము పన్నులలో రాయితీ నొసగవలెనా? ఒసగినచో ఏ రీతిగా? అందుకు ప్రతిఫలముగా ప్రజలు పొందవలసినదేమి? ఈ ప్రశ్న హైదరాబాదులోని కోటీశ్వరులకును, ఢిల్లీలోని అధికారులకును మాత్రమే సంబంధించినదని తలంచుట పొరపాటు. ఏలయన, మాఫీ చేయబడిన ప్రతి రూపాయయు మన రూపాయయే. తయారు కాని ప్రతి మందువలనను బాధపడువారు మనవారే.

మొదట మన యింటి ముచ్చట చెప్పుకొందము. బోదకాలు అన నేమో కరీంనగరమువారికి వేరుగా వివరింప నక్కరలేదు. ఉమ్మడి కరీంనగరము జిల్లా ఈ వ్యాధి పీడించు జిల్లాలలో నొకటిగా లెక్కింపబడినది. 2004 నుండి దేశమున ప్రారంభమైన సామూహిక పంపిణీలో కార్యకర్తలు ఇంటింటికి వచ్చి మ్రింగించిన మాత్రలలో ముఖ్యమైనది డి.ఇ.సి. అనునది. అది రక్తములోని సూక్ష్మ క్రిములను చంపి, దోమ ద్వారా వ్యాధి మరియొకరికి సోకకుండ ఆపును. ఆ మందు 1947లో అమెరికా దేశపు లెడర్లీ ప్రయోగశాలలనుండి లోకమునకు వచ్చెను. అచ్చటి పరిశోధనలకు నాయకుడెవరు? 1895లో భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు! తెలుగువాని మేధ, తెలుగునేలను పట్టిన రోగము. నడుమనున్న ప్రయోగశాల మాత్రము పరదేశములోనిది. ఆయన 1948లో న్యూయార్కులోనే కన్నుమూసిరి. ఫలితము కానరాని పరిశోధనను ఏండ్ల తరబడి పోషింపగల సంస్థ నాడు మన దేశమున లేదు. ఆ లోటే ఆయనను సముద్రము దాటించెను.

డెబ్బదియైదేండ్లకు పైగా గడచినను ఆ మాత్రయే నేటికిని మనకు దిక్కు. వాచి గట్టిపడిన కాలిని పూర్వస్థితికి తెచ్చు మాత్ర యింకను రాలేదు. ఎందుకు రాలేదు? ఆ రోగము ధనవంతుల దేశములలో లేదు. రోగులున్నచోట సొమ్ము లేదు. సొమ్మున్నచోట రోగులు లేరు.

ఇక ఆదిలాబాదునకు పోదము. అచ్చటి గోండులు, కోలాములు మొదలగు గిరిజనులలో సికిల్ సెల్ రక్తహీనత కలదు. తల్లిదండ్రు లిరువురినుండియు సంక్రమించు జన్యుదోషముచేత గుండ్రనైన ఎఱ్ఱ కణము కొడవలివలె వంగి సన్నని నాళములలో చిక్కుకొనును. ఎముకలు, కీళ్లు భరింపరాని నొప్పితో తల్లడిల్లును. కార్యకర్తలమై ఆ పల్లెలలో తిరిగిన దినములలో, రక్తము నెక్కించుటకై బిడ్డలను చంకనెత్తుకొని జిల్లా కేంద్రమునకు పోవు తల్లులను మేము చూచితిమి. 2023 జూలై 1వ తేదీన షహడోలులో ప్రారంభమైన జాతీయ కార్యక్రమము ఏడు కోట్లమందిని పరీక్షించి, 2047 నాటికి ఈ వ్యాధిని నిర్మూలింప సంకల్పించినది. మంచిదే. పరీక్షయందు రోగమున్నదని తేలినపిమ్మట ఇచ్చుటకు మందేది? హైడ్రాక్సీయూరియా అను పాతమందు నొప్పులను తగ్గించును గాని రోగమును తొలగింపదు. 2023 డిసెంబరులో అమెరికా ప్రభుత్వము జన్యువునే సవరించు క్యాస్‌జెవీ అను చికిత్సకు అనుమతి నిచ్చినది. దాని ధర 22 లక్షల డాలర్లు. మన లెక్కలో పదునెనిమిది కోట్ల రూపాయలకు పైమాట. ఉట్నూరులోని కూలివాని కుటుంబము పది తరములు రెక్కలు ముక్కలు చేసికొన్నను ఆ మొత్తమును చూడజాలదు. మన యక్కరకు తగిన మందు, మనకందు ధరలో, మన దేశమున పుట్టవలసినదే.

పుట్టించువారు లేరా? ఉన్నారు. కరీంనగరమునుండి రాజీవ రహదారిపై హైదరాబాదునకు పోవువారు షామీరుపేట చేరకముందే తుర్కపల్లిని చూచెదరు. అదియే జీనోమ్ వ్యాలీ, 1999లో ఏర్పడినది. టీకాలు చేయు పెద్ద కర్మాగారములును, అద్దె గదులలో నాలుగు బల్లలతో పనిచేయు చిన్న సంస్థలును అచ్చట కలవు. మన బస్సులు వారి వాకిటి ముందునుండియే పోవుచున్నవి. వారి మందులు మాత్రము మన యూరికి చేరుటకు ఎన్ని యేండ్లు పట్టునో విచారింపుడు.

ఇతరులు కనిపెట్టిన మందును చౌకగా తయారుచేయు విద్యలో మనవారు ఆరితేరిరి. 1970 నాటి పేటెంట్ల చట్టము మందునకు గాక తయారీ పద్ధతికే హక్కు నిచ్చుటచేత ఆ విద్య వర్ధిల్లెను. హైదరాబాదులోని ప్రభుత్వ సంస్థ ఐ.డి.పి.ఎల్. పలువురికి పాఠశాల యయ్యెను. అందు పనిచేసిన అంజిరెడ్డిగారు 1984లో డాక్టర్ రెడ్డీస్ సంస్థను స్థాపించిరి. 2005లో పేటెంటు మందునకే వర్తించునట్లు చట్టము మారెను. నాటినుండి క్రొత్తదానిని కనుగొనక తప్పని కాలము వచ్చినది. క్రొత్తదానిని కనుగొనుట వేరు విధమైన వ్యవసాయము. ప్రయోగశాలలో కొన్నేండ్లు, జంతువులపై కొన్నేండ్లు, మానవులపై మూడు అంచెల పరీక్షలు, అటుపై ప్రభుత్వానుమతి. మొత్తము పది పండ్రెండేండ్లు సామాన్యము. మానవ పరీక్షల మెట్టెక్కిన పది మందులలో సుమారు తొమ్మిది నడుమనే విఫలమగునని లోకానుభవము. ఈ కాలమంతయు సంస్థకు ఖర్చే గాని రాబడి లేదు.

ఇప్పుడు చట్టమును చూతము. మేము వృత్తిచేత న్యాయవాదులము. చట్టములోని మాటలను తూచి చూచుట మా పని.

మొదటిది, పరిశోధన వ్యయముపై అదనపు తగ్గింపు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టములో 1997లో ఇది చేరెను. ప్రభుత్వము గుర్తించిన పరిశోధనశాలలో నూరు రూపాయలు వ్యయపరచిన సంస్థ మొదట 125, పిదప 150, 2010 నుండి 200 రూపాయలను తన లాభమునుండి తగ్గించి చూపవచ్చును. 2017లో అది 150కి దిగెను. 2020 ఏప్రిలునుండి అదనము పూర్తిగా పోయి నూటికి నూరే మిగిలెను.

రెండవది, నూతన సంస్థల పన్ను సెలవు. 2016 తరువాత పుట్టి, ప్రభుత్వ మండలి ధ్రువపత్రము పొందిన సంస్థ తన మొదటి పదేండ్లలో వరుసగా మూడేండ్ల లాభముపై పన్ను చెల్లింప నక్కరలేదు. 2025లో ఈ అవకాశమును 2030 ఏప్రిలు 1 లోపల స్థాపింపబడు సంస్థలకును పొడిగించిరి.

మూడవది, మన దేశమున కనిపెట్టి పేటెంటు పొందిన వస్తువుపై వచ్చు రాయల్టీకి నూటికి పది మాత్రమే పన్ను. ఇది 2016లో వచ్చినది.

ఈ మూడింటను ఒకే మాట దాగియున్నది. ఆ మాట ‘లాభము’. లాభముండిన తగ్గింపు, లాభముండిన సెలవు, రాబడి యుండిన తక్కువ రేటు! జగిత్యాల రైతులకు మామిడి తోట సంగతి తెలియును. మొక్క నాటినవానితో సర్కారు, “నీవు తోట వేసితివి, సంతోషము, మొదటి మూడేండ్ల కాపుపై శిస్తు మాఫీ చేసితిమి,” అనినచో ఆ రైతు నవ్వవలెనా, ఏడ్వవలెనా? మొదటి మూడేండ్లు కాపే లేదు గదా! అతనికి కావలసినది నాడు బావి త్రవ్వుటకు, కంచె వేయుటకు, ఎరువు తోలుటకు సాయము. కాపు వచ్చిన పిమ్మట శిస్తు నతడే చెల్లింపగలడు.

లెక్క వేసి చూపుదము. లాభములు గల పెద్ద సంస్థ, 200 శాతపు దినములలో, పరిశోధనకు ఒక కోటి వ్యయపరచి రెండు కోట్లను లాభమునుండి తగ్గించుకొనెడిది. పన్ను నూటికి 30 అనుకొన్నచో 60 లక్షలు మిగిలెడివి. అందు 30 లక్షలు ఏ వ్యాపార వ్యయమునకైనను దొరకునవే. తక్కిన 30 లక్షలు ప్రత్యేక కానుక. అదే కోటిని, అప్పు తెచ్చి, అదే విధమైన పరిశోధనకై లాభములేని చిన్న సంస్థ వ్యయపరచినచో ఆ యేట దానికి చిక్కునది సున్న. నష్టమును ముందటి యేండ్లకు మోసికొని పోవచ్చునందురు. కాని సామాన్య వ్యాపార నష్టమునకు ఆ గడువు ఎనిమిదేండ్లు. మందు పండుటకు పండ్రెండేండ్లు. కాపు వచ్చునాటికి గడువు తీరి, తొలి యేండ్ల నష్టము రద్దగును.

జి.ఎస్.టి. సంగతియు నంతే. రసాయనములు, పరికరములు కొనునపుడు చిన్న సంస్థ పన్ను చెల్లించును. అమ్మకము లేదు గనుక ఆ పన్నును సర్దుబాటు చేసికొనుటకు తావు లేదు. చేతిలోని రొక్కము కాగితముపై జమయై నిలిచిపోవును. రాష్ట్రములు తమ వంతు పన్నును తిరిగి యిచ్చెదమను విధానములును అమ్మకముపై ఆధారపడినవే. 1961 నాటి చట్టమునకు మారుగా 2025లో పార్లమెంటు క్రొత్త ఆదాయపు పన్ను చట్టము చేసినది. సెక్షనుల సంఖ్యలు మారినవి గాని ఈ మూలసూత్రము మారలేదు.

జరిగిన మేలును దాచుట న్యాయము కాదు. చిన్న సంస్థలో నితరులు పెట్టిన పెట్టుబడిలో కొంత భాగమును ఆదాయముగా భావించి 2012లో వేసిన పన్నును 2024 బడ్జెటులో రద్దు చేసిరి. 2012లో కేంద్రము నెలకొల్పిన బైరాక్ సంస్థ తొలి యూహకు 50 లక్షల వరకు గ్రాంటు నిచ్చుచున్నది. ఇది బావి త్రవ్వుటకు చేసిన సాయము, మెచ్చదగినది. కాని మానవులపై పరీక్షలకు కోట్లు కావలయును. ఆ ఘట్టమున చేయూత చాలక ఎన్నో మంచి యూహలు ఎండిపోవుచున్నవి. పన్ను సెలవు సంగతి చూడుడు: దేశమున లక్షన్నరకు పైగా నూతన సంస్థలకు గుర్తింపు రాగా, 2025 మే నాటికి ఈ సెలవునకు ధ్రువపత్రము పొందినవి 3,700కు కొంచెము పైన మాత్రమే.

అన్యదేశములు ఏమి చేసినవి? అమెరికా 2010లో నొక ప్రయోగము చేసెను. 250 మందికి మించని ఉద్యోగులు గల సంస్థలు 2009, 2010 సంవత్సరములలో క్రొత్త చికిత్సలకై పెట్టిన వ్యయములో సగమునకు పన్ను రాయితీ ప్రకటించెను. పన్ను చెల్లించు స్థితిలో లేని సంస్థ అదే మొత్తమును రొక్కముగా పుచ్చుకొనవచ్చునని చట్టములోనే వ్రాసిరి. తోటవాని బాధ నెరిగిన మాట ఇది! కేటాయించినది నూరు కోట్ల డాలర్లు. సుమారు మూడు వేల సంస్థలు, 4,600కు పైగా యత్నములు అర్హత పొందుటచేత ఒక్కొక్క యత్నమునకు 2 లక్షల 44 వేల డాలర్లకు మించి రాలేదు. పంక్తి పెద్దది, వంట తక్కువ. అందరికి తలా ఒక ముద్ద దొరకెను, ఎవరి కడుపును నిండలేదు.

బ్రిటను 2000 సంవత్సరములోనే చిన్న సంస్థల పరిశోధన నష్టమునకు రొక్కమిచ్చు పద్ధతి నవలంబించెను. కాలక్రమమున పరిశోధన కానిదానిని పరిశోధనయని చూపి సొమ్ము పుచ్చుకొన్నవారు పెరుగుటచేత నియమములను బిగింపవలసి వచ్చెను. కాని 2024లో పద్ధతి మార్చినప్పుడును, నష్టములో నుండి పరిశోధనకే అధికముగా వ్యయపరచు చిన్న సంస్థలకు ప్రత్యేక సాయమును నిలిపియుంచిరి. ఎలుకలు చేరినవని గాదెను తగులబెట్టలేదు, ఎలుకలను పట్టిరి.

మరియొక పాఠమును మరువరాదు. అరుదైన వ్యాధుల మందులకై అమెరికా 1983లో చేసిన చట్టము పరీక్షల వ్యయములో సగమును పన్ను రాయితీగా నిచ్చెను. 2017లో దానిని నాలుగవ వంతునకు తగ్గించిరి. ఆ చట్టమువలన మందులు వచ్చినవి, నిజము. ధరపై ఏ షరతును లేనందున అందు పెక్కు సామాన్యుల కందని ధరలకు పోయినవి. ప్రజల సొమ్ముతో పండిన పంటను ప్రజలే కొనలేకపోయిరి.

కావున రాయితీ నిచ్చుట యెంత ముఖ్యమో, ఒడంబడిక వ్రాయుట అంత ముఖ్యము. ఇందుకు మన నేలనుండియే రెండు నిదర్శనములు.

1993లో కె.ఐ. వరప్రసాదరెడ్డిగారు హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ స్థాపించిరి. హెపటైటిస్-బి టీకా నాడు విదేశములనుండి వచ్చెడిది. మధ్యతరగతివారికి సైతము అందని ధర. ఉస్మానియా విశ్వవిద్యాలయము, సి.సి.ఎం.బి. ఆశ్రయమిచ్చినవి, ఒమాను దేశపు ప్రముఖుడొకరు పెట్టుబడి పెట్టిరి, కేంద్రప్రభుత్వపు సాంకేతికాభివృద్ధి మండలి ఋణమిచ్చెను. 1997లో స్వదేశీ టీకా వెలువడి, దిగుమతి టీకా ధరలో పదవ వంతు కంటె తక్కువకు అమ్ముడయ్యెను. చిన్న సంస్థకు సకాలమున సాయమందినచో ఏమగునో ఇది చూపినది. కాని కథ అచ్చట ముగియలేదు. 2006లో ఫ్రాన్సు దేశపు మేరియూ సంస్థ అందలి అధిక భాగమును కొనెను. 2009లో అది ఫ్రాన్సుకే చెందిన సనోఫీ వశమయ్యెను. అమ్మినవారిని మేము నిందింపము. వారి సొత్తు, వారి హక్కు. మా ప్రశ్న ప్రభుత్వమునకే. ప్రజల నీడలో పెరిగిన సంస్థ చేతులు మారునపుడు ప్రజల పక్షమున నిలుచు షరతు ఏది?

రెండవ నిదర్శనము రోటావ్యాక్. పసిబిడ్డల విరేచనములకు కారణమగు రోటా క్రిమికి టీకా ఇది. దాని బీజమును 1980ల దశకమున ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు కనుగొనిరి. కేంద్రప్రభుత్వపు జీవసాంకేతిక శాఖయు, విదేశ సంస్థలును తోడ్పడినవి. జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ దానిని తయారుచేసి, ప్రభుత్వ సరఫరాకు మోతాదు ఒక్కింటికి ఒక డాలరు చొప్పున నిచ్చెదమని ముందే మాట యిచ్చెను. 2015లో టీకా వెలువడెను. సాయమిచ్చినపుడే ధర మాట తీసికొనిన, ఆ మాట నిలిచి మందును వచ్చునని ఇచ్చట రుజువైనది.

ఇక ఆక్షేపణలు. “జ్వరపు గోలీలకే దవాఖానలో కరవైనపుడు క్రొత్త మందుల మాట యెందుకు?” అని మిత్రులడుగుదురు. దవాఖానలో గోలీలుండవలెనని పోరాడుదము, మేమును ముందుందుము. అంతమాత్రమున బోదకాలికి, సికిల్ సెల్ రోగమునకు మందు కనిపెట్టు పనిని మరియొక తరమునకు వాయిదా వేయవలెనా? బీదవానికి పాతమందే చాలునని తీర్మానించుటకు మన కెవరు అధికార మిచ్చిరి?

“క్రొత్త మందులన్న గిరిజనులపై ప్రయోగములే గదా!” యని మరికొందరు భయపడుదురు. ఈ భయము నిరాధారము కాదు. 2009లో ఖమ్మము జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సరు టీకాను వేలాది బాలికలకు వేసిరి. వారిలో గిరిజన వసతిగృహముల బిడ్డలు పెక్కురు. తల్లిదండ్రుల సంతకమునకు మారుగా వసతిగృహాధికారుల సంతకములు తీసికొనిరి. 2010లో ఆ కార్యక్రమమును ఆపివేసిరి. 2013లో పార్లమెంటు స్థాయీసంఘము దానిని తీవ్రముగా ఖండించెను. కనుక మా కోరికలలో దీనికిని చోటున్నది.

మా కోరికలు ఐదు.

మొదటిది: లాభములేని చిన్న సంస్థ క్రొత్త మందుకై చేసిన ధ్రువపడిన పరిశోధన వ్యయములో నిర్ణీత భాగమును, మునుముందు లాభములపై తగ్గింపుగా గాక, ఆ యేటనే రొక్కముగా ఇవ్వవలెను. సర్దుబాటు కాని జి.ఎస్.టి.ని తిరిగి చెల్లింపవలెను.

రెండవది: సొమ్మును అందరికి చిటికెడు చొప్పున చల్లరాదు. మన జనమును పీడించుచు, వ్యాపారులు కన్నెత్తి చూడని రోగములకు మొదటి పీట వేయవలెను.

మూడవది: సొమ్ము పుచ్చుకొను నాడే, ప్రభుత్వ దవాఖానల కిచ్చు ధరకు పరిమితి విధించు ఒడంబడిక వ్రాయించుకొనవలెను. సంస్థ చేతులు మారినను ఆ బాధ్యత మందును వెన్నంటి పోవలెను. తాకట్టులోనున్న భూమిని కొన్నవాడు తాకట్టుతో గూడ కొన్నట్లే గదా! మన కచ్చేరీలలో ప్రతి దినము నడచు న్యాయమిది. మందులకు వర్తింపజేయుటలో కష్టమేమియు లేదు.

నాలుగవది: ఏ సంస్థకు ఎంత యిచ్చిరో, దానివలన ఏమి ఫలించెనో, ఏమి విఫలమాయెనో ఏటేట ప్రకటింపవలెను. విఫలమగుట నేరము కాదు, దాచుట నేరము.

ఐదవది: మన జిల్లాలలో జరుగు ప్రతి పరీక్షయందును రోగికి తన భాషలో, అవసరమైనచోట గోండీలోను, కోలామీలోను, సంగతి తెలిపి సమ్మతి పుచ్చుకొనవలెను. పరీక్షకు ఒడలప్పగించినవానికి, ఫలించిన మందు మొదట అందవలెను.

ఈ కోరికలు ఢిల్లీ చేరుటకు మార్గమేది యని మీరడుగవచ్చును. మార్గము ఇట్టి పఠనమందిరములే. బడ్జెటు దినమున ఆదాయపు పన్ను పరిమితి యెంత పెరిగెనని పత్రికలో వెదకుకొని, తక్కిన పుటను మడచి పెట్టు అలవాటు మనకున్నది. ఇకమీద ఆ పుటనుగూడ చదువుడు. మందుల పరిశోధనకై ఏమి మాఫీ చేసిరి, ఎవరికి చేసిరి, ఏ షరతుపై చేసిరి అని మీ పార్లమెంటు సభ్యునికి జాబు వ్రాయుడు. ఒక్క జాబునకు బదులు రాకపోవచ్చును. నూరు జాబులకు రాక తప్పదు.

సుబ్బారావుగారివంటి మేధావి నేడు జగిత్యాలలోనో, ఆసిఫాబాదులోనో ఏ బడిలోనో చదువుచుండవచ్చును. అతనికి గాని, ఆమెకు గాని పరదేశపు ప్రయోగశాలయే గతి కారాదు. తోట వేయువానికి నేడే నీరు పెట్టుదము; కాపు వచ్చిన దినమున మన వంతు పండ్లు మనకు రావలెనని నేడే కాగితము వ్రాసికొందము.